నాలుగు డిగ్రీల అబద్ధం

రామగుండంలో ఇప్పుడు చల్లదనానికి కరెంటు మనుషులకు ఇవ్వరు. ఇంటింటికీ పెంచమని సర్కారు పంచిన కొర్రమీనుకే ఇస్తారు. అందుకే ఓదెలు కొట్టుకు వచ్చేవాళ్లెవరూ చేపతొట్టికి సరైన సెన్సర్ అడగరు. నీటి వేడిని ఉన్నదానికంటే ఎక్కువ చూపించేదాన్నే అడుగుతారు. అప్పుడు తొట్టిని చల్లబరిచే మిషన్ ఆగకుండా తిరుగుతుంది, చల్లబడ్డ తొట్టి పక్కన కూర్చున్న మనిషికి ఊపిరాడుతుంది.

"ఎంత ఎక్కువ చూపియ్యాలె చెల్లె?" అన్నాడు ఓదెలు.

"నాలుగు డిగ్రీలన్నా," అంది స్వరూప.

"రెండు చాలు. నాలుగైతే నీళ్లు మరీ సల్లగైతయి, చేప మేత ముట్టది. అది సచ్చిందంటే మీ లైను కోసేస్తరు."

"పోయిన ఎండకాలం రెండుదే పెట్టినం అన్నా. పెద్ద బిడ్డ దక్కలే. ఇప్పుడు ఇంట్ల నెలల పిల్ల ఉన్నది."

ఓదెలు నాలుగుదే తీసిచ్చాడు.

ఆ రోజు నుంచి ఉయ్యాలను తొట్టి అద్దానికి ఆనించే ఉంచుతున్నారు. చేప అడుగున రాయిలా పడి ఉంటోంది. తెల్లారి లేవగానే స్వరూప ముందు ఆ అద్దాన్ని వేలితో తడుతుంది. మొప్ప కదిలిందని చూసుకున్నాకే పిల్ల ముఖం చూస్తుంది.