బాపుకు బజారు

“ఇది బజారా, బ్లౌజా?” అన్నాడు దేవదాస్.

అనసూర్య కుంచె ఆపింది. ఆమెది దర్జీ చెయ్యి. కాన్వాసు మీద కొట్ల చూర్లన్నీ మిషను కుట్టు వేసినంత తిన్నగా వచ్చాయి.

“కొలత తప్పలే కదా కాకా.”

“కొలతలు ఎవనికి గావాలె? రేకులు వంగినయ్, గోడలు ఒరిగినయ్. గీ బజార్ల తిన్నగున్నది ఒక్కటన్న ఉన్నదా? కండ్లు సగం మూసి చూడు. గీతలు పోతయ్, నీడలు మిగులుతయ్. గా నీడలు వెయ్యి.”

దేవదాస్ ఒకప్పుడు కార్మిక సంఘానికి గోడల మీద నినాదాలు రాసిన మనిషి. నూనె రంగులు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేర్పడం కూడా కొట్లాడినట్టే. ఆమె ఇంట్లో కూర్చుని వేస్తానంటే ఒప్పుకోలేదు. ఎండ, గాలి ఇక్కడివే ఉండాలన్నాడు.

ఆమె కళ్ళు సగం మూసింది. టీకొట్టు రేకు కింద నలుపు చిక్కబడింది. ఆ నలుపులోంచి బల్ల అంచు తేలింది. మిట్టమధ్యాహ్నం. ఎక్కడా కుక్క అరుపు కూడా లేదు.

గాలికి బొగ్గు దుమ్ము లేచి పచ్చి రంగుకు అంటుకుంది. అనసూర్య జాకెట్టుకున్న సూది తీసి గీకబోయింది.

“ఉండనియ్యి. గా దుమ్ము లేకుంటే మీ బాపు గుర్తు వట్టడు.”

బాపు పేరు కైలాసం. బొగ్గు కోసి కోసి ఊపిరి చెడగొట్టుకున్నాడు. మంచం పట్టాక అనసూర్య ఆయన్ను ఈ ఊరి నుంచి బెల్లంపల్లిలోని తన ఇంటికి తెచ్చుకుంది. పొద్దుగూకితే చాలు, ఒకటే పోరు. బజారుకు తోల్కపో బిడ్డా, గా బల్ల మీద జరసేపు కూసుంట. ఈ మధ్య గంజి కూడా తాగనంటున్నాడు.

“నిన్న ఏమన్నడు?” అన్నాడు దేవదాస్.

“శంకరవ్వ పండ్ల బండి ఆడ్నే పెడుతుందా అన్నడు. ఆడ్నే అన్న. అందరు మంచిగున్నరా అన్నడు. మంచిగనే ఉన్నరన్న. నువ్వు లేవలేవు బాపూ, బజారునే నీ మంచం కాడికి తెస్త అన్న. గప్పుడు రెండు బుక్కలు తిన్నడు.”

దేవదాస్ ఆమె చేతిలోని కుంచె తీసుకుని, బల్ల మీద ఇంత తెల్ల రంగు అద్ది, తిరిగి ఇచ్చాడు.

“గిది ఆయన తలకు సుట్టుకునే రుమాలు. కింద మనిషిని నువ్వు వెయ్యి.”

“మొఖం రాదు కాకా నాకు.”

“మొఖం ఎవడు అడిగిండు? వంగిన వీపు వెయ్యి, సాలు.”

వేసింది. చెయ్యి వణికింది. వణికిన చోట వీపు వంగింది.

“ఇది ఆరేదాంక బాపు ఉంటడో ఉండడో...”

“పచ్చిగనే పట్కపో. పొద్దుగూకేలోపు ఆయన ముందల పెట్టు.”

వెనక బూట్ల చప్పుడైంది. కంపెనీ కాపలాదారు హనుమండ్లు.

“అక్కా, ఎన్కకు జరుగుండ్రి. గంత ముందల కూసుంటే నా నౌకరి పోతది.”

“జర ఆగు తమ్మీ. మా బాపు గీ బజారును గుర్తు వడ్తడా, చూసి చెప్పు.”

హనుమండ్లు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“గిది మా మేనమామ మంగలి దుకాణం,” అన్నాడు. “పక్కపొంటి టీకొట్టు బల్ల మీద కైలాసం తాత. గుర్తు వడ్తడు అక్కా.”

తల ఎత్తి ఎదురుగా చూశాడు.

బజారు ఉండాల్సిన చోట బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గొయ్యి ఉంది.