పద్నాలుగు పనుల కత్తి

"ఇంకా ఎంతసేపమ్మా?" బాత్‌రూమ్‌లో చిక్కుకుపోయిన పెద్దావిడ లోపలి నుంచి తలుపు బాదుతోంది.

"అయిపోయిందండీ!" అన్నాడు తమ్ముడు. వాడి చేతిలో నాన్న నిన్న కొనిచ్చిన కొత్త కత్తి ఉంది. ఒక్క పిడిలో పద్నాలుగు పనిముట్లు! వాడు ఆఫీసు ఉద్యోగం వదిలేసి మా తాళాల పనిలోకొచ్చి నెలైంది. నేనొచ్చి ఆరేళ్లు. నాకు ఇచ్చిందల్లా నాన్న ముప్పయ్యేళ్లు వాడి అరగదీసిన స్క్రూడ్రైవర్. కడుపు మండి దాన్ని పొద్దున కొట్లో బల్ల కిందికి విసిరేసి వచ్చాను.

తాళం స్క్రూ హ్యాండిల్ కింద లోతుగా ఉంది. తమ్ముడు తిప్పబోయినప్పుడల్లా లావాటి పిడి హ్యాండిల్‌కి తగిలి ఆగిపోతోంది.

"పద్నాలుగున్నాయిగా, ఇంకోటి చూడు," అన్నాను. నా కడుపు చల్లబడింది.

మా వెనకే నిలబడి చూస్తున్న నాన్న తన జేబులోంచి నా స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టాడు. విసిరేయడం చూసే ఉంటాడు. సన్నటి కడ్డీ నేరుగా లోపలికి దిగింది. నాలుగు తిప్పులకు స్క్రూ ఊడింది, తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "వాడికేమో కొత్తది, నాకేమో అరిగింది. ఎందుకు నాన్నా?"

"దేనికి ఏది కావాలో వాడికింకా తెలీదమ్మా. అందుకే అన్నీ ఇచ్చాను. నీకు తెలుసుగా."

తమ్ముడు ఒక్కో బ్లేడూ మడుస్తూ నా చేతిలోని స్క్రూడ్రైవర్ వంకే చూస్తున్నాడు.

నిన్నంతా వాడి కత్తిని నేనూ అలాగే చూశాను.