చోటు లేదు

కాలింగ్ బెల్ మోగింది. సౌందరం తలుపు దగ్గరికి పోయింది గానీ గడియ తియ్యలేదు. లోపలినుంచే అరిచింది.

"ఇక్కడ చోటు లేదు! పొండి!"

"తలుపు తియ్యమ్మా. ఊరినుంచి వస్తిని, కాళ్లు లాగుతా ఉండాయి."

"లేదంటే లేదు! ఇంకో ఇల్లు చూసుకోండి!"

బయట సంచీ ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు.

ఆ సాయంత్రం సౌందరానికిచ్చిన వేషం అదే. ఎదురింటి మెక్సికో అమ్మాయి లూపే, క్రిస్మస్ ముందర తమ ఊళ్లో చేసే పండగను ఈ కోయంబత్తూరు అపార్ట్‌మెంట్లో పెట్టింది. అందరూ కొవ్వొత్తులు పట్టుకుని, మేరీ జోసెఫుల మాదిరి ఇల్లిల్లూ చోటడగాలి. ముందు ఇళ్లవాళ్లు తలుపు తియ్యకుండా పొమ్మనాలి. ఆఖరి ఇల్లు, అంటే లూపేది, తెరుచుకోవాలి.

కాసేపటికి మళ్లీ బెల్లు. సౌందరం తలుపులోని గాజుబిళ్లకు కన్ను ఆనించింది. కొవ్వొత్తులు, పిల్లలు, ముందర మొగుడు గోపాలసామి.

"చోటు... లేదు" అంది మెల్లగా.

"ఏమే, గట్టిగా చెప్పు!" అని నవ్వినాడు గోపాలసామి.

అందరూ పాడుకుంటూ ఎదురింటికి తిరిగినారు. సౌందరమూ వెనకాలే పోయింది. లూపే తలుపు బార్లా తెరిచింది. లోపల సోఫాలో, జామపండు, చెరుకుముక్కలు వేసి కాచిన వేడి పానకం తాగుతూ గోపాలసామి అక్క సీతమ్మాళ్!

"అక్కా! కంటి ఆపరేషన్‌కు వచ్చే వారం కదా వస్తానంటివి?"

"డాక్టరు ముందే రమ్మన్నాడురా. నెల రోజులు ఉండాలంట. మీ తలుపు తడితే చోటు లేదు పొమ్మనిరి. ఈ బిడ్డే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చె."

ఇల్లంతా ఒకటే నవ్వు. "అయ్యో, ఆట అనుకునింది అక్కా!" అని గోపాలసామి కళ్లు తుడుచుకున్నాడు. "ఏం యాక్టింగ్ సౌందరం అక్కా!" అని ఎవరో చప్పట్లు కొట్టినారు.

సౌందరం మొగం ఎత్తలేకపోయింది. ఎట్లనో వదిన పక్కన కూచుంది.

"తప్పుగా అనుకోవద్దు వదినా. ఆటే అనుకుంటిని."

సీతమ్మాళ్ ఆమె చెయ్యి నిమిరి, చెవి దగ్గరికి వంగింది.

"నా కన్ను మసకే గానీ, ఆ గాజుబిళ్లకు నీ కన్ను అడ్డమొచ్చి వెలుతురు ఆరింది కనిపించె తల్లీ. నువ్వు నన్ను చూసే పొమ్మంటివి. తమ్ముడికి చెప్పనులే."