ఆరని గోడ

గోడ ఆరలేదు.

సోమయ్య సార్ అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా తగిలింది. 1987 వేసవి. బయట సూర్యాపేట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇల్లంతా ఎప్పుడో ఆరిపోయింది. వెనక గది గోడ ఒక్కటే నిన్న పూసినట్టుంది.

"నీళ్ళు కొట్టుడు ఆపమని ఎప్పుడో చెప్తి. ఇంకా ఈ తడేంది?"

గుమ్మం దగ్గర కమ్లి తల వంచుకుంది. ఆమె, మొగుడు బాల్యా ఆ ఇంటికి కావలి. పని మొదలైనప్పటి నుంచీ అక్కడే ఉంటున్నారు. నెలలు నిండిన కూతురు జమున ఆ వెనక గదిలోనే పడుకుని ఉంది.

గురువారం గృహప్రవేశం. సార్ వాళ్ళు కిరాయి ఇల్లు వదిలి వచ్చేస్తారు. కమ్లి వాళ్ళు కోదాడలో ఇంకో పనికి పోవాలి. అక్కడ ఇంకా పునాదికి ముగ్గు పోశారంతే. నీడంటే నాలుగు కర్రల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా.

"బిడ్డ కానుపయ్యేదాంక ఉంటం సారూ," అని మొన్న అడిగింది.

"నేనేం జేయాలె చెప్పు? ముహూర్తం ఆగుతదా?" అన్నాడాయన.

చెడ్డవాడు కాదు. పొదుపు మనిషి. కట్టెలు దండగని, మిర్యాలగూడ మిల్లుల ఊకతో కాల్చిన ఇటుకే తెప్పించాడు. పగలు బల్బు అక్కర్లేకుండా పెద్ద కిటికీలు పెట్టించాడు. బోరు ఎండిపోతే స్నానం నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు కూడా డ్రమ్ములో పట్టించి గోడలు తడిపించాడు. "కమ్లి చేతుల చుక్క నీళ్ళు దండగ కావు," అని అందరికీ చెప్పుకునేవాడు.

కబురందుకుని మేస్త్రీ సైదయ్య వచ్చాడు.

"సున్నం ఏస్తే పడతదా?"

"తడి మీద ఏస్తే పెచ్చులు లేస్తది సార్."

"మరి తడి ఎక్కడిది? కట్టింది నువ్వే గద!"

సైదయ్య గోడను కింది నుంచి తడుముకుంటూ పోయాడు. కిటికీ పైన చెయ్యి ఆగింది. వేళ్ళు వాసన చూసుకున్నాడు. బియ్యం కడిగిన నీళ్ళ వాసన.

కమ్లి కాలి దగ్గరి చెంబును మెల్లగా తలుపు చాటుకు నెట్టింది.

జమున నడుం పట్టుకుని లేవబోయి మూలిగింది. సైదయ్య అటు చూశాడు. తర్వాత వంగి, గోడ మొదట్లో మట్టిని గోటితో గీకాడు.

"ఊట సార్. భూమిల నుంచి ఎక్కుతుంది."

"ఆరుతదా?"

"ఎందుకారదు? ఒక నెల తాళుండ్రి. గిప్పుడు తొందరపడితే గోడ ఖరాబైతది."

సార్ నెత్తి పట్టుకున్నాడు. "ఇగ ఏం జేస్తం! అయ్యగారితోటి ఇంకో ముహూర్తం పెట్టించుకొస్త." సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సైదయ్య సంచి భుజాన వేసుకున్నాడు. కమ్లి పక్కనుంచి పోతూ గొంతు తగ్గించాడు.

"నీళ్ళు మరీ కిటికీ పైదాక కొట్టకు చెల్లె, ఊట కింది నుంచే ఎక్కుతది."