రోడ్డు మీద ఇంగ్లీషు పాఠం

"బువ్వ తినకుంట పోనియ్యం సారూ. తిన్నంకనే తొవ్వ ఇస్తం," అంటూ భద్రమ్మ గరిటె అడ్డం పెట్టింది.

ఎల్లస్వామి జీపు దిగి ముక్కు చిట్లించాడు. భూపాలపల్లి ఇంకో ఇరవై నిమిషాల దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు మండుతున్నాయి. సకల జనుల సమ్మె రోజులవి. ఊరు ఊరంతా రోడ్డెక్కి, అక్కడే వండి, అక్కడే తిని, అందాకా బండ్లను ఆపేసేవాళ్లు. దానికి వంటా వార్పు అని పేరు.

ఎల్లస్వామి పుట్టింది జనగామలోనే. హైదరాబాదులో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటరులో ఎనిమిది నెలలు పాఠాలు చెప్పాక పేరులో ముందు ముక్క కోసేసి 'స్వామి సార్' అయ్యాడు. యాసను కూడా కృష్ణ దాటించాడు. "తిన్నవా బిడ్డా" అని తల్లి అడిగితే "తిన్నావా అనాలమ్మా" అని దిద్దేవాడు. ఆమె రెండు రోజులు దిద్దించుకుని, మూడో రోజు నుంచి అడగడమే మానేసింది.

"చూడండీ, ఒంటిగంటకల్లా నేను ఇంటర్వ్యూలో ఉండాలండీ. ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు పోస్టు," అని జేబులోంచి కాగితం తీసి ఆడించాడు. సెంటరు మూతబడి నెల దాటింది. ఇది కూడా పోతే నాయినతోపాటు మిల్లులో వడ్ల బస్తాలు కుట్టాల్సిందే.

"ఏందీ? జర గట్టిగ చెప్పు సారూ, నాకు చెవుడు."

అంతలో ఆమె రొంటిన ఉన్న సెల్లు మోగింది. భద్రమ్మ స్పీకరు పెట్టింది. "అత్తా, ఉప్పు తెస్తున్న" అన్న అల్లుడి గొంతు మూడు పొయ్యిల దాకా వినబడింది. ఎల్లస్వామి చెవులు మూసుకున్నాడు.

"ఎంతమందిని పిలిచిండ్రు బిడ్డా, ఆ నౌకరికి?" అని భద్రమ్మ అడిగింది.

"ఇద్దర్నే. ఆ రెండో ఆవిడది ఏదో పల్లెటూరని క్లర్కు చెప్పాడు. ఈ బందులో బస్సుల్లేవు, ఆవిడెలా వస్తుంది? వచ్చినా నోరు విప్పితే గిట్ల గట్ల అంటుంది," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

పక్కన సైకిలు పట్టుకుని, నిలబడే తింటున్న ఒక అమ్మాయి కూడా నవ్వింది. భద్రమ్మ ఆమె చేతిలోని విస్తరాకు లాక్కుంది.

"తిన్నకాడికి చాలు. బండ్ల బాట పట్టి పో బిడ్డా. సారుకు బువ్వ నేను పెడ్త."

ఆ అమ్మాయి చేయి కడుక్కుని, హ్యాండిలుకు కాగితాలున్న ప్లాస్టిక్ కవరు తగిలించుకుని చేలల్లోంచి వెళ్లిపోయింది.

భద్రమ్మ ఎల్లస్వామికి అన్నం, పచ్చిపులుసు వడ్డించింది. "ఇంగిలీసు సారువు గద, ఒక్క మాట చెప్పు. రోడ్డును ఇంగిలీసుల ఏమంటరు?"

"రోడ్డు అనే అంటారు. అది ఇంగ్లీషు మాటే."

"అవ్వో! మా మాటే అనుకుంటిమి గదనే!"

ఎల్లస్వామికి ఊపొచ్చింది. "అది నామవాచకం. బండ్లు పోవడానికి చదును చేసిన దారి రోడ్డు. ఇళ్ల మధ్య ఉంటే స్ట్రీట్. పొలం గట్టు మీదిది పాత్. నేనెలా వచ్చాను? బై రోడ్. మీరెక్కడ కూర్చున్నారు? ఆన్ ది రోడ్."

"బండ్లు పోతెనే రోడ్డా?"

"అంతే!"

"మరి ఇయ్యాల అన్నం ఉడుకుతున్నది. నిన్న పోరగాండ్లు కబడ్డి ఆడిండ్రు. మొన్న మా మొండయ్య నడిమధ్యల కుసోని గడ్డం గీయించుకున్నడు. గప్పుడు గూడ రోడ్డేనా, ఇంగో పేరుంటదా?"

మొండయ్య గడ్డం తడుముకున్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

"మాటలో తప్పు లేదు, మీ వాడకంలో ఉంది," అని ఎల్లస్వామి చేయి కడుక్కోవడం కూడా మరిచి లేచి నిలబడ్డాడు. ఎదురుగా నలభై మంది. హైదరాబాదులో ఏనాడూ అతని ముందు తొమ్మిది మందికి మించి కూర్చోలేదు.

పన్నెండుంబావుకు పొయ్యిలు పక్కకు జరిగాయి. లారీలు కదిలాయి. జీపు డ్రైవరు పోశాలు హారన్ కొట్టాడు. "సారూ, తొవ్వ ఇచ్చిండ్రు. పోదమా?"

సరిగ్గా అప్పుడే భద్రమ్మ, "ఐ యామ్ ఇన్ ది రోడ్," అంది.

"ఇన్ కాదమ్మా, ఆన్! పోశాలూ, రెండు నిమిషాలు."

"ఇన్ ఆన్?"

"ఉత్త ఆన్!"

"రోడ్డు ఆడిదా, మొగదా సారూ?" అని వెనక నుంచి రాములమ్మ అడిగింది. దానికి పది నిమిషాలు పట్టింది. పోశాలు మళ్లీ హారన్ కొడితే, "ఇంత ఆసక్తిగా నేర్చుకునే వాళ్లను వదిలి ఎలా రమ్మంటావయ్యా? పోటీకి మనిషే లేదు, కంగారెందుకు?" అని కసిరాడు. భద్రమ్మ చెవి దగ్గర చేయి పెట్టి, "ఏందీ? మళ్లొకసారి చెప్పు," అంది. అతను మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ తప్పు చెప్పింది. పెద్దలు చెప్పినట్టు, ఇది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా అని లోలోపల జాలిపడ్డాడు.

చివరికి గడియారం చూసుకుంటే ఒంటిగంటా పది.

"అయ్యో!" అని జీపు వైపు రెండడుగులు పరుగెత్తి, మళ్లీ తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. "పర్లేదు. ఆవిడ వచ్చి ఉండదుగా, నాకోసం ఆగుతారు."

భద్రమ్మ సెల్లు మోగింది. స్పీకరు పెట్టింది.

"అవ్వా, నౌకరి నాకే ఇచ్చిండ్రు, ఇగ సారును ఇడిసిపెట్టు!"