గోరుచిక్కుడు వేళ్ళు

అడగకపోతే బాగుండదని అడిగింది వసుమతి.

భోజనానికి వచ్చిన మనిషి గంటసేపు తన పరిశోధన గురించి చెబితే, ఆవలింత ఆపుకుని ఏదో ఒకటి అడగాలి కదా. శ్యామ్‌సుందర్ టెక్సాస్‌లో వాళ్ళుండే ఊరి యూనివర్సిటీలోనే సాయిల్ సైంటిస్టు. గాల్లోని నత్రజనిని పట్టి మొక్కకి అందించే బ్యాక్టీరియా, అది చిక్కుడు జాతి వేళ్ళ మీద కట్టే బుడిపెలు, ఇవే ఆయన లోకం.

"ఆ బ్యాక్టీరియా మాక్కూడా కొంచెం ఇవ్వండి అన్నయ్యగారూ. మా గోరుచిక్కుళ్ళకి వేసుకుంటాం" అంది.

ఆయన కాస్త తటపటాయించి, "దానికేముందమ్మా, అలాగే" అన్నాడు.

వారం తిరక్కుండా నల్లటి పొడి పొట్లం తెచ్చిచ్చాడు. వసుమతి హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. పగలంతా బ్యాక్టీరియాని చంపి, సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో పెంచే ఓపిక ఆమెకి లేదు. ఆయన కారు మలుపు తిరగగానే పొట్లాన్ని చెత్తడబ్బాలో పడేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

ఆ ఏడు, 1983లో, గోరుచిక్కుళ్ళు విరగకాశాయి. ఎరువు మాటే ఎరగని పెరడు అది. ఆయన్ని మళ్ళీ భోజనానికి పిలిచి, వేపుడు వడ్డిస్తూ "అంతా మీ పొడి చలవే" అంది వసుమతి. ఆ మాట అనకపోయినా బాగుండదు.

ఆయన తినడం ఆపాడు. "పొడి తప్ప ఇంకేమీ వెయ్యలేదా?"

"యూరియా గీరియా ఏమీ లేదండీ" అంది. అదొక్కటీ నిజం.

ఆగస్టులో యూనివర్సిటీ ల్యాబ్‌లో ఫ్రీజర్ చెడిపోయింది. శ్యామ్‌సుందర్ ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న బ్యాక్టీరియా రకాలన్నీ చచ్చిపోయాయి. ముందుజాగ్రత్తగా దాచిన రెండో సెట్ కూడా ఆ ఫ్రీజర్‌లోనే ఉంది. అక్టోబర్‌లోగా పనిచేసే రకం ఒకటి చూపించకపోతే ప్రాజెక్టు రద్దు. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు వీసా.

శనివారం పొద్దున్నే ఆయన పార పట్టుకుని వసుమతి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది.

"మీ గోరుచిక్కుడు మొక్కలు తవ్వుకోనిస్తారా అమ్మా? నాకిక అవే దిక్కు."

వసుమతి గుమ్మానికి అడ్డంగా జరిగింది. "ఇంకెక్కడా దొరకవా అన్నయ్యగారూ? మావేం అంత గొప్పవి కావు."

"ఈ కౌంటీలో ఇంత బలంగా పెరిగినవి నేను చూడలేదు."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. తీరా నోరు తెరిచాక "కాఫీ తాగుతారా?" అంది.

ఆయన మొక్కల్ని తవ్వి, వేళ్ళని పైపు కింద కడిగాడు. గుత్తులు గుత్తులుగా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. బ్యాక్టీరియా నిక్షేపంగా ఉందని దాని అర్థం. శ్యామ్‌సుందర్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పూట వసుమతికి అన్నం సహించలేదు.

"వెళ్ళి చెప్పేస్తాను" అంది భర్త దామోదర్‌తో.

"ఇప్పుడేం చెప్తావు? బాగుండదు" అన్నాడు దామోదర్, పేపర్‌లోంచి తలెత్తకుండా.

అక్టోబర్ వచ్చింది. ఆ బుడిపెల్లోంచి తీసిన రకం పాతవాటన్నిటికంటే బాగా పనిచేసింది. ప్రాజెక్టుని మూడేళ్ళు పొడిగించారు. శ్యామ్‌సుందర్ ఊళ్ళో తెలుగువాళ్ళందరినీ పార్టీకి పిలిచి, "ఇవాళ మేమిక్కడ ఉన్నామంటే వసుమతిగారి పెరటి పుణ్యమే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వసుమతికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇక ఆగలేకపోయింది. ఆయన్ని గరాజ్‌లోకి పిలిచి, తల దించుకుని అంతా చెప్పేసింది.

"మీరిచ్చిన పొట్లం విప్పనైనా విప్పలేదు. అప్పుడే చెత్తలో పడేశాను. ఆ వేళ్ళలో ఉన్నది మీ బ్యాక్టీరియా కాదు అన్నయ్యగారూ. రేపెవరైనా కనిపెడితే మీ పరువేం కాను?"

శ్యామ్‌సుందర్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ల్యాబ్ బ్యాక్టీరియాని బయటికి ఇవ్వకూడదమ్మా, మీరడిగితే కాదనలేక వట్టి కుండీమట్టి పొట్లం కట్టిచ్చాను, దాంతో అంత కాపు వచ్చిందని మీరన్న రోజు నుంచే నా కన్ను మీ పెరటి మీద పడింది."