నాలుగో చరణం

"ఎవరీవిడ? అడగాపెట్టకుండా వచ్చి నా కత్తి తీసుకుంది!" అంది వంట చూస్తున్న లోకే.

ఉలులాని వంటపాకలోకి తొంగి చూసింది. ఎవరో పెద్దావిడ పీట లాక్కుని కూర్చుని, ఉడికిన చేమదుంపల తొక్క తీస్తోంది. పొద్దుటి చిన్న విమానంలో దిగినట్టుంది, సంచీ ఇంకా భుజానే ఉంది.

"తీస్తే తియ్యనీవే. చేతులు చాలక చస్తున్నాం."

ఇంకో గంపెడు దుంపలు తెచ్చి ఆవిడ ముందు దించింది. "ఆంటీ, ఇవి కూడా మీరే చూడాలి."

"పెట్టమ్మా, పెట్టు," అందావిడ నవ్వుతూ.

అంతే. మొలొకాయి దీవిలో కొత్త ముఖం కనబడితే మంచినీళ్ళకంటే ముందు 'ఎవరి తాలూకు?' అని అడుగుతారు. ఆవేళ ఉలులానికి తల గోక్కునే తీరిక కూడా లేదు. అడగలేదు.

ఊళ్ళో హులా నాట్యాల పండుగ. పద్ధెనిమిది మంది ఆడవాళ్ళని ముందుండి ఆడించేది ఉలులానియే. ఆమె బెంగంతా ఒక్క పాట మీద.

దానికి నాలుగు చరణాలు. హులాలో కథ చెప్పేది చేతులు, మాటకో ముద్ర. మూడు చరణాలకి చేతులున్నాయి, నాలుగోదానికి లేవు.

పాట నేర్పిన కవేహికి ఎనభై రెండేళ్ళు. ఊరందరికీ ఆవిడ టూటూ, అంటే అమ్మమ్మ. ఎప్పుడడిగినా "నాలుగోది గుర్తులేదే" అంటుంది. అందుకని ఆ చరణం రాగానే అందరూ నడుముకి చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడతారు. టూటూ ఒక్కతే సొరకాయబుర్ర వాయిస్తూ పాడుతుంది.

"మనమే ఏవో కల్పిద్దాం టూటూ," అంది ఉలులాని, ఆకుల దండలు కట్టుకుంటున్నప్పుడు. "మనం మరిచిపోయామని జనం నవ్వుతున్నారు. ఈసారి పక్క దీవుల వాళ్ళు కూడా వచ్చారు."

"నవ్వనీ. రానిచోట నిలబడాలి. కల్పించకూడదు."

"నువ్వుండగా దొరక్కపోతే ఇంకెప్పటికీ దొరకవు. ఆ భయం నీకు లేదా?"

"నోరు మూసుకుని ఆకులు కట్టుకో."

ఉలులాని ఆకులు కట్టుకుంది. భయం మాత్రం పోలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆట మొదలైంది. మూడు చరణాలు వెన్నలా సాగాయి. పచ్చిక మీద చాపలేసుకున్న జనం ఈలలు వేశారు.

నాలుగో చరణం వచ్చింది. పద్ధెనిమిది మందీ నిలబడిపోయారు.

జనంలోంచి ఎవరో లేచారు.

చేమదుంపల ఆంటీ! తడి ఏప్రాన్ తోనే, చెప్పులు లేకుండా, కళ్ళు సగం మూసుకుని చేతులు తిప్పుతోంది.

'ఇప్పుడేనా ఈవిడకి పూనకం!' ఉలులానికి ఒళ్ళు మండిపోయింది. వరస వదిలి కదలడానికి లేదు. జనం వెనక నిలబడి చూస్తున్న లోకేకి కళ్ళతోనే సైగ చేసింది. లోకే జనాన్ని దాటుకుని వెళ్ళి భుజం పట్టి కూర్చోబెట్టేసరికి చరణం అయిపోనే అయిపోయింది.

పొరలు కమ్మిన కళ్ళతో టూటూకి ఇదేమీ కనబడలేదు. ఆవిడ పాట ఆవిడ పాడింది.

ఆట అవగానే ఉలులాని ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఏమనుకోకండి ఆంటీ. అది అందరూ లేచి ఆడే పాట కాదు."

"తెలుసమ్మా. ఆగలేకపోయాను."

"వచ్చే ఏడు రండి. సరదా పాటలు పెడతాం, కాళ్ళు నొప్పెట్టేదాకా ఆడుదురుగాని."

"వస్తాను," అని నవ్విందావిడ. "ఈసారి అడిగి మరీ లేస్తాలే."

వేదిక మీద టూటూ చుట్టూ జనం మూగి ఉన్నారు. ఆవిడ కాసేపు అటే చూసి, సంచీ సర్దుకుని, నాలుగింటి విమానానికి బయల్దేరింది.

ఎండ వాలాక టూటూ పక్కన చాప మీద చేరి భోంచేస్తూ ఉలులాని ఒకటే నవ్వు.

"నీ పాటకి ఒకావిడ పూనకమొచ్చి ఊగింది టూటూ! తెలుసా?"

"ఏం చేసిందేమిటి?"

"ఇదిగో, ఇలా." రెండు చేతులూ వల లాగినట్టు దగ్గరికి లాగి, ఎడమ భుజం దాకా ఎత్తి, కుడి అరచెయ్యి పక్కకి చాపి వెక్కిరించింది.

టూటూ తినడం ఆపింది. ఉలులాని మణికట్లు పట్టుకుని కళ్ళ దగ్గరికి లాక్కుంది.

"మళ్ళీ చెయ్యి."

"ఊరికే ఎగతాళికి చేశాను, కోప్పడకు."

"మళ్ళీ చెయ్యవే పిల్లా!"

ఉలులాని మొదటినుంచీ చేసింది. టూటూ గొంతు తగ్గించి నాలుగో చరణం పాడింది. మాటకో చెయ్యి వచ్చి కూర్చుంది. ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తగ్గలేదు.

"టూటూ! సరిపోయాయి!" ఉలులానికి నవ్వు ఆగిపోయింది. "దొరికాయి టూటూ!"

"ఎవరి తాలూకని అడిగావా?"

"అడగలేదు. దుంపలు ముందు పెట్టి తొక్క తీయించాను. పైగా లేచి ఆడుతుంటే నేనే కూర్చోబెట్టించాను. వెళ్ళిపోయింది." ఉలులానికి ఏడుపొచ్చేసింది.

"ఛ, ఏడవకు. వెళ్తూ ఏమంది?"

"వచ్చే ఏడు వస్తానంది."

"అయితే వస్తుంది. అన్న మాట తప్పే మనిషి కాదు." టూటూ కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"నీకెలా తెలుసు? ఈ చరణం గుర్తులేదన్నావుగా!"

"అబద్ధమాడాను. మా అమ్మ మూడు చరణాలు నాకిచ్చి నాలుగోది నా చెల్లెలికిచ్చింది. నాతో మాటామాటా వచ్చి అలిగి వెళ్ళిన ఆ పిల్ల ఎప్పటికైనా వచ్చి ఆడుతుందనే, నలభై ఏళ్ళుగా మిమ్మల్నందర్నీ అక్కడ నిలబెట్టి దానికి చోటు ఉంచాను."